ఫారంలో తల్లి వయసు

బోధన్
12 జులై 1967

చిరంజీవి సుమిత్రను దీవించి అక్క శ్యామల రాసేది.

నీ దగ్గరినుంచి ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. ఎలుకల గుడ్లు చూసే పనిలో పడి అక్కను మరిచిపోయావని ఇక్కడ అందరికీ చాటుతున్నాను. మా అత్త హన్మవ్వ మొన్న నన్ను పక్కకు పిలిచి, "మీ సెల్లె పట్నంల ఎలుకల గుడ్లు సూస్తదంటివి. ఎలుక గుడ్లు పెడ్తదా? గదేం సదువు?" అని అడిగింది. పెట్టదు, లోపలే దాచుకుంటుందని చెప్పాను. ఆమె నమ్మలేదు. నేను నిజం చెప్పినప్పుడే ఆమెకు నమ్మకం కుదరదు.

ఇక అసలు సంగతి. మన పిల్ల భూమికి రెండున్నరేళ్లు నిండాయి. మనల్ని కన్న అవ్వ పేరు పెట్టుకున్నందుకు అవ్వలాగే చకచకా తిరుగుతుందనుకున్నాను. ఇంకా నడవడం లేదు. గోడ పట్టుకుని నిలబడి అందరినీ చూసి నవ్వుతుంది. నాలుక బయటికి వస్తుంది. కళ్లు చిన్నవి, పైకి లాగినట్టుంటాయి. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పూట నేను చెరకు గడ కొరికానని అత్త అంటుంది. ఆ పూట నేను మంచినీళ్లు కూడా ముట్టలేదు. అయినా అడిగినవాళ్లందరికీ చెరకు కథే చెబుతుంది.

మీ బావ మాత్రం ఒక్క మాట అనలేదు. ఫ్యాక్టరీ తరఫున చెరకు తోటలు చూడబోయేటప్పుడు సైకిలు కడ్డీకి తువ్వాలు చుట్టి పిల్లను కూర్చోబెట్టుకుని తీసుకుపోతారు. వాడవాళ్లు ఏదో అంటే, "ఎట్లున్నా గిది నా బిడ్డ" అన్నారట. ఆ మాట నాకు కుబ్రా చెప్పింది, మా పక్కింటి మజహర్ సాబు భార్య. విని ఆ పూటంతా కడుపు నిండినట్టుంది.

హైదరాబాదులో నెత్తురు పరీక్ష చేసి సంగతి చెప్పేవాళ్లున్నారని ఇక్కడి డాక్టరు అన్నాడు. వాళ్లలో ఒకతె నా చెల్లెలేనని చెప్పాను. ముందు రెండు కడుపులు పోయినప్పుడు నిన్ను ఏమీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నేను ఏం తప్పు చేశానో నీ చదువును అడిగి రాయి.

నీ అక్క
శ్యామల


హైదరాబాదు
24 జులై 1967

అక్కకు సుమిత్ర నమస్కారాలు.

నువ్వు ఏ తప్పూ చేయలేదు. ముందు ఆ మాట రాసి, మిగతాది తర్వాత రాస్తున్నాను.

నువ్వు చెప్పిన గుర్తులు చూస్తే అది ఏమిటో నాకు చాలావరకు తెలిసింది. కాని నెత్తురు చూడకుండా గట్టిగా చెప్పకూడదు. మన ఒంట్లో ప్రతి కణంలోనూ క్రోమోజోములని సన్నని పోగులుంటాయి. ఇరవై మూడు జతలు. బిడ్డకు తల్లి సగం, తండ్రి సగం ఇవ్వాలి కనుక తల్లి గుడ్డులో ఆ జతలు విడిపోవాలి. వేల్పూరులో బాపు, చిన్నాయన వేరుపడ్డప్పుడు ఇత్తడి సామాను పంచుకున్న సంగతి నువ్వే నాకు చెప్పావు. జత బిందెల్లో ఒకటి ఇటు, ఒకటి అటు. ఏది దేని జతో తప్పిపోకుండా అవ్వ ముందే దారంతో కట్టి పెట్టిందన్నావు. గుడ్డులోనూ జతలను పట్టి ఉంచే ముడులున్నాయి. పంపకం నాటికి ముడి పాతబడి ఊడిపోతే జత తెలియదు, రెండూ ఒకే వైపు పోతాయి. అప్పుడు బిడ్డకు ఒకటి ఎక్కువ వస్తుంది.

ఆడదాని గుడ్లన్నీ ఆమె తన తల్లి కడుపులో ఉండగానే తయారవుతాయి. ముడి పడి, పంపకం మొదలై, సగంలో ఆగి ఉంటాయి. భూమి పుట్టిన గుడ్డు నువ్వు అవ్వ కడుపులో ఉన్నప్పటిది అక్కా. అన్నేళ్లూ అలాగే ఆగి ఉంది. ముసలి ఎలుకల గుడ్లలో ముడులు తక్కువగా కనబడుతున్నాయి. ఆడవాళ్లలోనూ వయసు పెరిగినకొద్దీ ఈ పంపకం తప్పడం ఎక్కువని చాలాకాలంగా తెలుసు. నీకు ముందు పోయిన రెండు కడుపులూ ఇలాంటివే అయి ఉండవచ్చు.

అందుకే మా ఫారంలో తల్లి వయసు అని ఒక గడి ఉంది. మాకు అన్నిటికంటే ముఖ్యమైన గడి అదే. పల్లెల నుంచి వచ్చే తల్లులు రజాకార్ల గడబిడ నాటికి పెద్దమనిషినయ్యాననో, నిజాంసాగర్ కట్ట పోసేటప్పుడు పాలు తాగేదాన్ననో చెబుతారు. నేను పక్కన కూర్చుని వయసు తేల్చుకుంటాను. నీ విషయంలో ఆ బాధ లేదు. నీ వయసు నాకు తెలుసు.

బావను, భూమిని తీసుకుని వచ్చేయి.

నీ చెల్లెలు
సుమిత్ర


బోధన్
6 ఆగస్టు 1967

సుమిత్రా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తప్పు చేయలేదన్న మాట దగ్గర ఏడ్చాను. నా వయసు తెలుసన్న మాట దగ్గర లేచి తలుపు గడియ పెట్టాను.

నా వయసు నీకు తెలుసు. ఈ ఇంట్లో తెలియదు. మరిచిపోయావేమోనని రాస్తున్నాను, చదివి చింపెయ్యి. బాపు నా పెళ్లప్పుడు ఎనిమిదేళ్లు తగ్గించాడు. అప్పటికి నాకు ముప్పై నాలుగు నిండాయి, ఇరవై ఆరని చెప్పాడు. మీ బావకు అప్పుడు ముప్పై ఒకటి. నేను ఆయనకంటే మూడేళ్లు పెద్ద. నిజాంసాగర్ నీళ్లు కాలువలోకి వచ్చినంక పుట్టిన పిల్ల అని బాపు మా అత్తకు ఒట్టేసి చెప్పాడు. ఆ కట్ట పోస్తున్నప్పుడే నేను పాకుతున్నానని నీకూ నాకూ తప్ప ఇప్పుడు ఎవరికీ తెలియదు. బాపు కూడా పోయాడు.

ఎందుకు అంత ఆలస్యమైందో నీకు చెప్పనక్కర్లేదు, కాని ఎన్నడూ చెప్పలేదు కనుక ఈ ఒక్కసారి చెబుతాను. అవ్వ పోయేనాటికి నీకు ఏడాది, నాకు పదిహేను. సంబంధం వచ్చినప్పుడల్లా బాపు, చిన్నది పలక పట్టనీ అనేవాడు, చిన్నది మెట్రిక్ దాటనీ అనేవాడు. నువ్వు పట్నం కాలేజీలో కుదురుకున్నాకే నా పెళ్లి మాట ఎత్తాడు. నేను ఇష్టంతోనే ఉన్నాను, ఎవరూ కట్టేయలేదు. కాని ఆ ఏళ్లు నావే.

పోయినేడు పక్క వాడలో ఒకాయన కామెర్లతో చనిపోతే, శవం లేవకముందే మా అత్త, "పెండ్లాం పెద్దదైతె పెనిమిటి ఆయుష్షు తింటది. గది తినేసింది" అంది. అందరూ తలలూపారు. నేనూ ఊపాను. అదే యేడు మీ బావకూ కామెర్లు వచ్చి తగ్గాయి. నా సంగతి బయటపడితే ఈ ఇంట్లో నాకు అదే ఆఖరు రోజు.

భూమి పుట్టేనాటికి నాకు ముప్పై ఒకటి అని రాయి. అలాగే రాస్తానని నువ్వు మాట ఇస్తేనే బండి ఎక్కుతాను.

శ్యామల


హైదరాబాదు
11 ఆగస్టు 1967

అక్కా,

నువ్వు చెప్పినట్టే. బయలుదేరు.

సుమిత్ర


హైదరాబాదు
18 నవంబరు 1967

అక్కకు నమస్కారాలు.

ఆలస్యమైంది, కోప్పడకు. నెత్తురులోని కణాలను గాజు గొట్టంలో పెంచి చూడాలి, భూమివి మొదటిసారి సరిగా పెరగలేదు. దాచి ఉంచిన రెండో గొట్టంలోవి పెరిగాయి. ఫొటో తీసి, పోగులను ఒక్కొక్కటే కత్తెరతో కత్తిరించి, జతలు చూసి అట్ట మీద అంటించాను. అది ఎవరితోనైనా చేయించవచ్చు. నేనే చేయాలనుకున్నాను. అన్ని జతలూ అయ్యాక చిన్నవాటిలో ఒకటి మిగిలింది. నలభై ఆరు ఉండాల్సినచోట నలభై ఏడు. నేను అనుకున్నదే.

దీనికి మందు లేదు. కాని భూమి నడుస్తుంది, మాట్లాడుతుంది, ఆలస్యంగా. జలుబు చేస్తే వెంటనే చూపించు, ఇలాంటి పిల్లల గుండె, ఊపిరి కాస్త బలహీనం. తొందరపెట్టకు. నువ్వు నన్ను పెంచినట్టే పెంచు, చాలు.

రిపోర్టు బావ పేరున విడిగా వస్తుంది. పిల్ల తండ్రికే పంపాలని మా దగ్గర పద్ధతి. అంతా ఇంగ్లీషులో ఉంటుంది, మీకు అందులో చదవాల్సింది ఏమీ లేదు. పెట్టెలో దాచిపెట్టు.

మీరు వచ్చిన రోజు భూమి నా అద్దాలు లాక్కుని తన కళ్లకు పెట్టుకుంది కదా. ఆ నవ్వు ఇంకా కళ్లలోనే ఉంది.

నీ చెల్లెలు
సుమిత్ర


బోధన్
9 డిసెంబరు 1967

సుమిత్రకు,

రిపోర్టు వచ్చింది. పెట్టెలో దాచే అవకాశం నాకు రాలేదు.

ఈ ఇంట్లో ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా మజహర్ సాబు దగ్గరికి పోతుందని నీకు గుర్తులేదా? ఫ్యాక్టరీ టైమాఫీసులో గుమాస్తా. మనిషి దేవుడు. ఎవరి కాగితమైనా అరుగు మీద కూర్చుని గట్టిగా చదివి, ఉర్దూలో చెబుతాడు. మీ బావ చదివింది ఉర్దూలోనే. చెరకు ఆడే రోజులు కనుక షిఫ్టు దిగినవాళ్లు నలుగురు అక్కడే ఉన్నారు. అత్త వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. నేను గడపలో నిలబడ్డాను, భూమి నా చంకలో ఉంది.

పిల్ల పేరు చదివాడు. ఊరు చదివాడు. తర్వాత, పిల్ల పుట్టేనాటికి తండ్రి వయసు ముప్పై ఆరు, తల్లి వయసు ముప్పై తొమ్మిది అని అదే ఊపులో చదివేశాడు. చదివాక ఆగాడు. నా వైపు చూశాడు. ఆ మనిషి ముఖం చూసి నాకు ఆయన మీదే జాలి కలిగింది. టైపు చేసినవాడు తప్పు కొట్టి ఉంటాడని వెంటనే అన్నాడు. మీ బావ కాగితం తీసుకుని, కింద ఉన్న సంతకం ఎవరిదని అడిగారు. మజహర్ సాబు చెప్పక తప్పలేదు. నీది.

"సొంత చెల్లెకు అక్క వయసు తెల్వదా?" అన్నారు మీ బావ. అంతే.

అరవలేదు, కొట్టలేదు. లోపలికి వచ్చి మంచం మీద కూర్చుని ఇలా అన్నారు: "ఏడేండ్లు నన్ను మీరు మీరు అన్నవ్. నీ సేతి అన్నం తిన్న. పిల్ల గిట్ల పుట్టినందుకు నాకేం బాధ లేకుండె. నాకు అన్నం పెట్టింది ఎవరో గిప్పటిదాక నాకు తెల్వదు." ఆయన అన్నది నిజమే. ఆయన్నూ మేం మోసం చేశాం. నేనూ, బాపూ. ఆ పాపం నాది, దాన్ని నీ మీద పెట్టను.

అత్త ఆ పూటనుంచి కొడుక్కి వేరే వండుతోంది. నా చేతి నీళ్లు కూడా ముట్టనివ్వదు. నిరుటి కామెర్లు ఎందుకొచ్చాయో ఇప్పుడు ఆమెకు తెలిసిపోయింది. నిన్నటినుంచి, నిజామాబాదులో మీ బాపు ఇల్లు ఊరికే పడి ఉంది కదా, పిల్లకు గాలి మార్పు మంచిది అంటోంది. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఏమిటో ఇప్పుడు చూస్తున్నాను.

నువ్వు చెప్పినట్టే అని రాశావు. ఆ ఉత్తరం నా దగ్గర ఉంది. చింపెయ్యమని నేను నీకు చెప్పాను, నీదేమో నేను దాచుకున్నాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమని వినడమే గాని, నేను పెట్టిన తిండి తిన్నది నా ఏళ్లే లెక్కపెట్టి పంపుతుందని అనుకోలేదు.

శ్యామల


హైదరాబాదు
3 జనవరి 1968

అక్కా,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను.

సంతకం నాదే. ఫారంలో రాసిందీ నేనే. నువ్వు భూమిని ఎత్తుకుని బయటి బల్ల మీద కూర్చున్నావు, బావ కిటికీ దగ్గర ఉన్నారు. ముప్పై ఒకటి అని రాయాలనే కూర్చున్నాను. అప్పటికి నా పట్టికలో నలభై ఒక్క మంది తల్లులున్నారు. ఒక్కొక్కరి దగ్గర కూర్చుని, వరద ఏడని, కరువు ఏడని అడిగి అడిగి నిజం రాబట్టాను. ఒకావిడ సిగ్గుపడి రెండేళ్లు తగ్గించి చెబితే కోప్పడ్డాను కూడా. వాళ్లందరి దగ్గర నిజం తీసుకుని సొంత అక్క దగ్గర అబద్ధం రాసుకోవడానికి చెయ్యి ఒప్పుకోలేదు. నేనేం చేయను? బాపు ఒట్టేసి నీ వయసు మార్చాడు. ఆ గుడ్డు వయసు మార్చలేకపోయాడు కదా.

రిపోర్టులో ఆ గడి వస్తుందని తెలుసు. ఇంగ్లీషు కనుక ఎవరూ చదవరనుకున్నాను. మజహర్ సాబు సంగతి నాకు తట్టలేదు. అది నా తప్పు. మాట ఇచ్చి తప్పడం ఇంకా పెద్ద తప్పు. నీకు చెప్పకుండా దాచడం అన్నిటికంటే పెద్దది. కాని రాసింది మాత్రం నిజం అక్కా. నిజం రాయడం తప్పని నన్ను ఒప్పుకోమనకు.

నువ్వూ భూమీ ఇక్కడికి వచ్చేయండి. నాతోనే ఉండండి.

సుమిత్ర


హైదరాబాదు
8 ఏప్రిల్ 1973

ప్రియమైన అక్కకు,

ఐదేళ్లలో నీకు ఎన్ని ఉత్తరాలు రాశానో నాకే గుర్తులేదు. ఒక్కదానికీ జవాబు రాలేదు. తిరిగి కూడా రాలేదు కనుక చదువుతున్నావనే అనుకుంటున్నాను. నువ్వు బాపు ఇంటికి మారాక రెండుసార్లు నిజామాబాదు వచ్చాను. నువ్వు అన్నం పెట్టావు, మాట్లాడలేదు. బావ రెంజల్ ఊరి పిల్లను రెండో పెళ్లి చేసుకుని తెచ్చుకున్నారని నాకు కుబ్రా రాసింది. ఆ రోజు నేను పనిలోకి పోలేకపోయాను.

నా పట్టిక అచ్చయింది. వంద మందికి పైగా తల్లులున్నారు అందులో. వరసగా వయసులు ఉంటాయి, పేర్లు ఉండవు. ముప్పై తొమ్మిది దగ్గర చూపు ఆగిపోతుంది. ఆ అంకెలో నన్ను ఎత్తుకుని నువ్వు పొయ్యి దగ్గర కూర్చున్న ఏళ్లున్నాయని ఇంకెవరికీ తెలియదు. నీకు పదిహేనేళ్లప్పుడు పెళ్లై ఉంటే భూమి భూమిలా పుట్టేది కాదేమో. ఆ ఏళ్లు తీసుకున్నదాన్ని నేను, వాటిని బయటపెట్టినదాన్నీ నేను. నువ్వు నన్ను తిట్టినా బాగుండేది. క్షమించమని అడిగే అర్హత కూడా లేదని తెలిసీ అడుగుతున్నాను.

ఇంకొక సంగతి. వరంగల్లులో కాలేజీ లెక్చరరు ఒకాయన, భార్య పోయింది, పిల్లలు లేరు. మంచి మనిషి. రెండుసార్లు మాట్లాడాను. నాకు ఇష్టమే అక్కా. ఈ వయసులో ఇలా అనిపిస్తుందనుకోలేదు. వాళ్లింట్లో పిల్లలు కావాలని, ముప్పై దాటిన పిల్ల వద్దని అన్నారట. మధ్యవర్తి నాకు ఇరవై ఎనిమిదని చెప్పాడు. నేను చెప్పమనలేదు. విన్నాక కాదని కూడా అనలేదు.

ఆయన మేనత్త, మామ ఈ నెలలోనే నిజామాబాదు వచ్చి నిన్ను కలుస్తారు. అడిగితే ఏం చెప్పాలో నీ ఇష్టం. నేను ఏమీ అడగడం లేదు.

నీ
సుమిత్ర


నిజామాబాదు
22 ఏప్రిల్ 1973

సుమిత్రకు,

మొదటి రెండు పేజీలు చదివి కళ్లు తుడుచుకున్నాను. మూడో పేజీలో పెళ్లి సంగతి ఉంది. అప్పుడు మొదటి రెండు పేజీలు మళ్లీ చదివాను, ఈసారి కళ్లు తుడుచుకోవాల్సిన పని పడలేదు.

మేము బాగున్నాం. ఖిల్లా దగ్గర బాలవాడిలో పిల్లలను చూసుకునే పని నాది. భూమి నాతోనే వస్తుంది. నడుస్తుంది, నువ్వన్నట్టే ఆలస్యంగా. ఎన్నేళ్లని ఎవరు అడిగినా పది వేళ్లూ చూపిస్తుంది. మీ బావ ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చి అరుగు మీద కూర్చుని, పిల్లను సైకిలు మీద ఒక చుట్టు తిప్పి, లోపలికి రాకుండానే పోతారు. పోయిన నెల నా జుట్టు చూసి, "తెల్లబడ్డది" అన్నారు. ఔనన్నాను. ఇప్పుడు దాచేది ఏమీ లేదు కదా.

నీ వాళ్లు వచ్చారు. మర్యాదస్తులు. నేను పెట్టిన సర్వపిండి తిని, బాగుందన్నారు. మేనత్తే అడిగింది, "మీ సెల్లెకు ఎన్నేండ్లమ్మా?" అని.

నీకు అప్పుడే పళ్లొస్తున్నాయి. అవ్వ శవాన్ని తీసుకుపోతుంటే నా వేలు కొరుకుతూ కూర్చున్నావు. ఎన్నేళ్లో నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? నాకు రెండూ నోటిదాకా వచ్చాయి. ముప్పై మూడు అంటే నా మంట చల్లారేది. ఇరవై ఎనిమిది అంటే నేను పెంచిన పిల్ల ఒక ఇంటిదయ్యేది. నీ కోసం అబద్ధం ఆడటం నాకు కష్టం కాదు, నీ అల్లరి కప్పిపుచ్చి బాపుతో ఎన్ని ఆడానో. కాని ఆడలేదు.

"నన్ను అడుగుడెందుకు? దాని ముందట ఒక కాగితం పెట్టుండ్రి. పేరు, వయసు రాసియ్యమనుండ్రి. కాగితం మీద మా సెల్లె అబద్ధం రాయది. గందుకు నేనే సాక్షి" అన్నాను. ఆమెకు ఆ మాట నచ్చింది. అలాగే చేస్తామంది.

నీ వయసు నేను చెప్పలేదు, తగ్గించనూ లేదు. ఇన్నేళ్లు నీ భారం నేను మోశాను. ఈ ఒక్కటి నువ్వు మొయ్యి.

శ్యామల


హైదరాబాదు
2 మే 1973

అక్కా,

వాళ్లు కాగితం పెట్టారు. మేనత్త తన చేతులతో పెన్ను మూత తీసి మరీ ఇచ్చింది. ఆయన ఎదురుగా కూర్చుని ఉన్నారు.

ఇరవై ఎనిమిది అని రాశాను. చెయ్యి ఆగలేదు. మేనత్త చదువుకుని, "మీ అక్క మంచిగ చెప్పింది" అని కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. పెళ్లి జూన్‌లో.

రాయడానికి ఎంతసేపు పట్టిందో నాకు బాగా తెలుసు. ఆ రోజు నువ్వు భూమిని ఎత్తుకుని బయట కూర్చున్నప్పుడు, నీ గడిలో ముప్పై ఒకటి అని రాయడానికి కూడా అంతే పట్టేది.

సుమిత్ర